మా టీచరవ్వ గురించి ఇంకొన్ని మాటలు

ఎడిటర్ గారికి నమస్కారాలు.

పోయిన నెల మీ పేపర్ జిల్లా పేజీలో, కింద మూలన, రిటైర్డ్ అంగన్‌వాడీ కార్యకర్త మృతి అని నాలుగు లైన్ల వార్త వేశారు, ఫోటో కూడా వేశారు. ఆమె మా అవ్వ, అంటే మా అమ్మకు అమ్మ. వార్తలో తప్పేమీ లేదు. ఊరి పేరు సరిగానే రాశారు, వయసు సరిగానే రాశారు, కొడుకులూ కూతుళ్ళ లెక్క కూడా సరిపోయింది. కాకపోతే దాని పక్కనే టౌన్లో కొత్తగా పెట్టిన ఒక ప్లేస్కూలు ప్రకటన అరపేజీ ఉంది, అందులో మూడేళ్ళ పిల్లలు మెడకి టై కట్టుకుని, వంగిపోయి నోటుబుక్కుల్లో ఏబీసీడీలు రాస్తున్నారు. అవ్వ బతికుంటే తన వార్త సంగతి వదిలేసి ఆ బొమ్మ గురించి గొడవ పెట్టుకునేది. ఆమె తరఫున ఆ గొడవ నేను పెట్టుకుందామనే ఈ ఉత్తరం. పొడుగైతే ఏమనుకోకండి, కోసి వేసుకున్నా పర్వాలేదు, కానీ పలకల సంగతి, యానాది గిరిజన పిల్లల సంగతి మాత్రం కొయ్యొద్దు.

ముందు మనిషి గురించి. అవ్వ పుట్టింది మార్కాపురంలో, అప్పటికది కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిసింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం అంటే పాతవాళ్ళకి పలకలే. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో దిద్దిన రాతి పలకలు ఆ చుట్టుపక్కల గనుల్లోంచి పోయినవే. అవ్వ వాళ్ళ నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. ఉలి ఎక్కడ ఆనించాలో తెలిసినవాడు కొడితే రాయి పలచగా పొరలు పొరలుగా లేస్తుందట, తెలియనివాడు కొడితే పెంకులే. చెక్క ఫ్రేము బిగించకముందే అంచు విరిగి పక్కన పారేసిన పలకలు వాళ్ళింటి నిండా ఉండేవి, అవ్వ చదువంతా వాటి మీదే అయింది. పెళ్ళై నెల్లూరు జిల్లా కావలి పక్క పల్లెకి కాపురానికి వచ్చేటప్పుడు సారెలో అరిసెలతో పాటు పలకల కట్ట కూడా వచ్చింది. అట్లాంటి కోడల్ని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. వాళ్ళత్త నెత్తీ నోరూ కొట్టుకుందట, గిన్నెలు తేవాల్సిన పిల్ల రాళ్ళు తెచ్చిందని.

ఆ రాళ్ళే తర్వాత అన్నం పెట్టాయి. మొదట్లో మహిళా మండలి వాళ్ళు రామాలయం అరుగు మీద బాల్వాడీ నడిపేవాళ్ళు, ఊళ్ళో పదో తరగతి చదివిన ఆడమనిషి ఈమే కాబట్టి ఈమెని కూర్చోమన్నారు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తమ్మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది గానీ మా పక్కకి రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అది వచ్చాక అవ్వ అంగన్‌వాడీ టీచరయింది, ఊరికి టీచరమ్మ, మా తరం వచ్చేసరికి టీచరవ్వ. ట్రైనింగ్‌కి పంపిస్తే అక్కడొక మేడం మాంటిస్సోరి గురించి చెప్పిందట. ఇటలీ ఆవిడ 1939లో మద్రాసుకి వచ్చింది, యుద్ధం మొదలై తిరిగి పోలేక 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత వేలితో తడిమించేది అని. మిగతా ట్రైనింగ్‌లో ఏం చెప్పారో అవ్వ ఎప్పుడూ మాట్లాడలేదు, ఈ ఒక్కటి మాత్రం పట్టుకుంది. ఊరికి రాగానే వడ్రంగి వాడి పారేసిన ఉప్పుకాగితం ముక్కలు అడిగి తెచ్చి, అ ఆ లు కత్తిరించి, చొక్కాల పెట్టెల అట్టల మీద అంటించింది. నేనూ ఆ అట్టలు తడిమినదాన్నే. ఌ కి మాత్రం కాగితం చాల్లేదని వదిలేసింది, అది లేకపోయినా లోకం నడుస్తుందని ఆమె లెక్క.

ఇక అసలు గొడవ. అవ్వ బడిలో మొదటి ఏడాది బలపం ఉండదు. మూడేళ్ళ పిల్లకి ఎవరడిగినా బలపం ఇచ్చేది కాదు, ఆ చెయ్యి ఇంకా మెత్తన, గట్టిపడాలి అనేది. దానికి బదులు చేతికి పనులుండేవి. వేరుశెనక్కాయలు ఒలిపించేది. చింతపిక్కలూ కుంకుడు గింజలూ కలిపి పోసి వేరు చేయించేది (ఒకడు చింతపిక్క ముక్కులో పెట్టుకుని కావలి ఆస్పత్రి దాకా పోయిన కథ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు). బియ్యంలో రాళ్ళు ఏరించేది, దాంతో ఆయాకి పని తగ్గేది, ఆ లాభం సంగతి ఆమె ఎప్పుడూ దాచలేదు. పిండి ముద్ద చేతికిచ్చి పాములు చెయ్యమనేది. కనకాంబరాలు గుచ్చడం మగపిల్లలకి కూడా నేర్పేది. నాలుగో ఏడు వచ్చాక ఇసక. సముద్రం ఇసక కాదు, అది గాలికి లేచి కళ్ళలో పడుతుందని వాగు ఇసక తెప్పించి, జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి చెక్క తొట్టిలో రెండంగుళాల మందాన పోసేది. చూపుడు వేలితో ఇసకలో అక్షరం. తప్పు పోతే అరచేత్తో తుడిస్తే అయిపోయింది, ఎర్ర ఇంకు లేదు, పక్కవాడు చూసి నవ్వేలోపే అది ఉండదు. ఆ తర్వాతే పలక.

పలక కూడా రాతి పలకే. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది, కంగుమంటే మంచిది, మందంగా పలికితే లోపల బీట ఉందని పక్కన పెట్టేది. తర్వాత రేకు పలకలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాయి, మార్కాపురంలో ఫ్యాక్టరీలు మూతపడుతూ వచ్చాయి, అవ్వ మాత్రం వాటిని పలకలని ఒప్పుకోలేదు. శనివారం శనివారం దొండాకూ బొగ్గూ నూరి పిల్లల చేతే పలకలు రుద్దించేది. నల్లగా నిగనిగలాడే పలక, మోచేతుల దాకా మసి పూసుకున్న పిల్లలు, సాయంత్రం వాళ్ళని తీసుకుపోవడానికి వచ్చిన తల్లుల తిట్లు. తిట్లకి ఆమె చెవి ఎప్పుడూ పనిచేసేది కాదు.

నేను ఒంగోలులో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పిల్లల ఎముకల వయసు చూడాలంటే డాక్టర్లు ఎడమ చెయ్యి, మణికట్టు కలిపి తియ్యమంటారు. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు గులకరాళ్ళలా ఒకదాని పక్కన ఒకటి కనపడతాయి. మూడేళ్ళ పిల్ల ఫిల్మ్‌లో అక్కడ రెండో మూడో చుక్కలుంటాయి, మిగతాదంతా ఖాళీ. నిజానికి ఖాళీ కాదు, అదంతా ఇంకా మెత్తటి మృదులాస్థి, ఎముకగా గట్టిపడలేదు కాబట్టి ఎక్స్‌రేకి చిక్కదు. ఎనిమిదోది కనపడేసరికి పిల్లకి తొమ్మిదో పదో వస్తాయి. ఆ ఖాళీ చెయ్యి చూసినప్పుడల్లా నాకు అవ్వ గుర్తొచ్చేది. ఒకసారి సెలవుకి ఊరికి పోయినప్పుడు పుస్తకంలోని అట్లాంటి బొమ్మ ఒకటి ఫోన్లో చూపించా, చూడు అవ్వా, నువ్వు చెప్పిందే అని. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసి, "దీనికి ఇంత మిషను కావాల్నా? చెయ్యి పట్టుకుంటే తెలవదా?" అంది, అని మళ్ళీ చిక్కుడుకాయలు ఒలుచుకోవడంలో పడిపోయింది.

కాబట్టి ఎడిటర్ గారూ, నర్సరీలో చేర్చుకోవడానికి మూడేళ్ళ పిల్లల చేత రాయించి చూసే స్కూళ్ళు మన ఒంగోలులోనూ ఉన్నాయి, నెల్లూరులోనూ ఉన్నాయి. మా వాడిని ఒక చోటికి తీసుకుపోతే పెన్సిలు చేతికిచ్చి నిలువు గీత గియ్యమన్నారు, వాడు పెన్సిలు వాసన చూసి కింద పెట్టాడు, ఇంకా ప్రిపేర్ చేసి వచ్చే ఏడాది తీసుకురండి అన్నారు. నిలువు గీతకి ప్రిపరేషన్! మా ఆయన టెన్షన్ పడి ఆ రాత్రే గీతల పుస్తకం కొనుక్కొచ్చాడు, అవ్వకి ఫోన్ చేస్తే ఆ పుస్తకం తనకి పంపమంది, పొయ్యిలోకి పనికొస్తుందని.

ఏడ్చే పిల్లల విషయంలో కూడా ఆమెది వేరే దారి. కొత్తగా చేరిన పిల్ల వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే ఎత్తుకోదు, బిస్కెట్ ఇవ్వదు, ఏడవొద్దని అనదు. చిన్న చెంబు చేతికిచ్చి కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోసి రమ్మంటుంది. "ఏడస్తానే పొయ్యి, ఏం కాదులే" అంటుంది. జూన్, జులై నెలల్లో ఆ చెట్టుకి నీళ్ళ కరువుండేది కాదు. పిల్లల కంటే తల్లులతోనే ఎక్కువ కఠినంగా ఉండేది. పిల్ల ఆటలో పడగానే వెనక నుంచి జారుకునే తల్లిని రోడ్డు దాకా పోయి వెనక్కి పిలుచుకొచ్చేది. "ఏమ్మే, దొంగచాటుగా పోతే రేప్పొద్దున అది నీ కొంగు వదలదు. పోతుండా, అన్నం వేళకి వస్తా అని దానికి చెప్పిపో. చెప్పినట్టు రా." పొలం పనుల మీద పోయే తల్లులకి అన్నం వేళకి రావడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు, అయినా ఈ ఒక్క విషయంలో ఒప్పుకునేది కాదు. రాలేని తల్లి రాలేనని చెప్పాలి, సాయంత్రమే వస్తానని చెప్పాలి, అంతే.

యానాది పిల్లల సంగతి. నెల్లూరు జిల్లాలో యానాదులు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఊరి చెరువుకట్ట కింద వాళ్ళ కాలనీ. పొద్దున్నే పెద్దవాళ్ళు చేపలకో, కూలికో, తర్వాత తర్వాత రొయ్యల గుంటల కాపలాకో పోతే పిల్లలు పిల్లల దగ్గరే ఉండేవాళ్ళు. వాళ్ళని సెంటర్‌కి పిలవమని ఊళ్ళో ఎవరూ అనలేదు, పిలవొద్దని అన్నవాళ్ళు మాత్రం ఉన్నారు. అవ్వ తనే పోయి పిలుచుకొచ్చింది. ఒక రోజు తెస్తే మర్నాడు రారు, మళ్ళీ పోయేది. కొన్ని పొద్దులు బడినే అక్కడికి తీసుకుపోయి వాళ్ళ వాకిళ్ళలో కూర్చునేది. అంగన్‌వాడీ అనే పద్ధతికి మహారాష్ట్రలో నారు పోసిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ చేసింది కూడా అదేనని, బడికి రాలేని గిరిజన పిల్లల వాకిట్లోకే బడిని నడిపించారని నేను చాలా తర్వాత చదివాను. అవ్వకి ఆ పేర్లు తెలియవు, ఆ పిల్లలు రావడం లేదన్నది తెలుసు.

పిల్లలు వచ్చాక కూర్చోబెట్టే దగ్గర పేచీ. మా పిల్లల పక్కన కూర్చోబెడితే మేం పంపం అని రెండు మూడిళ్ళ వాళ్ళు అన్నారు. అవ్వ వాదన పెట్టుకోలేదు. వరసలు తీసేసి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టింది, తనూ అందులో ఒక చోట కూర్చుంది, ఆ చోటు రోజూ మారుతుంది, పాట అయిపోగానే పిల్లలు కూడా చోట్లు మారాలి. ఎవరి పక్కన ఎవరో సాయంత్రానికి తేల్చుకోవడం ఎవరి వల్లా కాలేదు. పంపనన్న వాళ్ళ పిల్లలు గోధుమరవ్వ ఉప్మా వాసనకి వారం తిరక్కుండానే వచ్చేశారు. అది కేర్ అనే సేవాసంస్థ వాళ్ళిచ్చే నూనెతో చేసే ఉప్మా, ఆ నూనె డబ్బాలు ఆ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా బియ్యం పోసుకోవడానికి ఉండేవి.

ఆ కాలనీ పిల్లాడొకడు చేరి నెలలు గడిచినా నోరు విప్పలేదు. మూగవాడేమో అని కూడా అనుకున్నారు. ఒక రోజు ఎవరో అవ్వ కోసం చేపలు తెచ్చి సెంటర్ గడప దగ్గర పెట్టిపోతే పిల్లలంతా మూగారు, ఒకమ్మాయి చెయ్యి పెట్టబోయింది, వీడు గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని, "అది జెల్ల, ముల్లుంటది, పట్టుకోబాక" అన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. ఇది మట్టగిడస, ఇది బురదలో ఉంటది, ఇది కొర్రమేను, పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతది. అవ్వ ఆ రోజు అనుకున్న పాఠం పక్కన పెట్టి వాడిని మధ్యలో కూర్చోబెట్టింది. అప్పటి నుంచి వారానికొక రోజు వాడిదే పాఠం, చేపలవి, పిట్టలవి, పాముల జాడలవి. ఊరి పిల్లలకి అందులో సగం పేర్లు తెలియవు, అందుకని ప్రశ్నలన్నీ వాడినే అడగాలి. ఇప్పుడు కావలిలో కరెంటు పని చేసుకుంటున్నాడు. అవ్వ పోయిన రోజు రాత్రి టెంటుకి లైట్లు కట్టింది ఆయనే, మా మామ డబ్బులు తియ్యబోతే కోపం చేసుకున్నాడు.

1989 నవంబరు తుపాను మా దగ్గర ఇంకా కావలి తుపాను అనే అంటారు. అటు థాయ్‌లాండ్ వైపు పుట్టి, అక్కడ నేల దాటి, మళ్ళీ బంగాళాఖాతంలో బలం పుంజుకుని కావలి దగ్గర తీరం దాటింది. సెంటర్ పెంకులన్నీ లేచిపోయాయి, గోడ ఒకటి పడింది. రామాలయంలోనే మళ్ళీ బడి. నేనప్పటికి పుట్టలేదు, ఇది అమ్మ చెప్పింది. పిల్లలు గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు చెవులు మూసుకుని మూలకి పోయేవాళ్ళట, కొందరు పక్కలు తడిపేవాళ్ళు, తల్లులు తాయెత్తులు కట్టించారు. అవ్వ తాయెత్తులకి అడ్డం చెప్పలేదు. పడిపోయిన తాటాకులు, కొబ్బరి మట్టలు పోగేయించి పిల్లల చేత బుల్లి ఇళ్ళు కట్టించింది. కట్టాక అందరూ చుట్టూ నిలబడి నోటితో గాలి ఊది, చాలకపోతే విసనకర్రలతో విసిరి కూల్చాలి. మళ్ళీ కట్టాలి. నువ్వు గాలివి, నువ్వు ఇల్లు, నువ్వు మేకవి, నువ్వు పరిగెత్తి దేవళంలోకి పో, ఇట్లా రోజూ అదే ఆట. కొన్నాళ్ళకి పిల్లలకే విసుగొచ్చి వేరే ఆట పెట్టమన్నారట. ఇప్పుడు దీనికి ఏవో పేర్లున్నాయి, పెద్ద ఊళ్ళలో గంటకింత అని ఫీజు కూడా ఉంది.

రాత్రిబడి గురించి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. 90ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని సాక్షరతా ఉద్యమం నడిచింది కదా, మా ఊళ్ళో రాత్రి చదువు కూడా అవ్వ నెత్తినే పడింది, ఆమె వద్దనలేదు. పొద్దున పిల్లలు వాడిన పలకలే రాత్రి లాంతరు వెలుగులో తల్లులు వాడేవాళ్ళు. పిల్లల వేళ్ళకి బలం చాలదు, తల్లుల వేళ్ళకేమో కలుపు తీసి తీసి బలం ఎక్కువ, పట్టుకోగానే బలపం పుటుక్కున విరిగేది. అందుకని వాళ్ళనీ ముందు ఇసక తొట్టి దగ్గరే కూర్చోబెట్టింది. పొద్దున కొడుకు కూర్చున్న చోటే రాత్రి తల్లి. ఆడవాళ్ళు ఏకమై సారా కొట్టు మూయించే పాఠం వాళ్ళ పుస్తకంలో ఒకటుండేది, అది చదివిన అదే జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్ళు నిజంగానే మూయించారు, 1992లో అది జిల్లా అంతా పాకి సారా వేలంపాటలే జరగనివ్వలేదు. మా ఊరి ఆడవాళ్ళు కూడా చీపుళ్ళూ కారం పొట్లాలూ పట్టుకుని పోయారు. అవ్వ పోలేదు. గవర్నమెంటు జీతం, పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుందని తాత భయపడ్డాడు. కానీ వాళ్ళు పోయి వచ్చేదాకా ఊరి చంటిపిల్లలంతా సెంటర్లోనే ఉన్నారు, రాత్రి పొద్దుపోయేదాకా ఉన్నారు, వాళ్ళకి అన్నం ఎక్కణ్నించి వచ్చిందో రిజిస్టర్లో లేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే, దాని గురించి మీ పేపర్లో చాలా వచ్చింది.

అవ్వ దేవతేమీ కాదు. నోరు దురుసు. చాక్‌పీసు ముక్క గోరంత మిగిలినా పారెయ్యనిచ్చేది కాదు. తన బడికి రాకుండా టౌన్లో బడికి పోయే పిల్లల్ని చూస్తే ముఖం తిప్పుకునేది, అది నాకు ఇప్పటికీ నచ్చదు. మా అమ్మకి ఒక బాధ ఉంది: "ఊరి పిల్లలందరి ముక్కులూ తుడిచింది, మా ముక్కులు మేమే తుడుచుకున్నాం" అంటుంది. పెద్దమ్మ చదువు తొమ్మిదిలో ఆగిపోయింది, ఇంట్లో వంటకి మనిషి లేక. సర్వే అని, బరువులు చూడాలని, పోలియో చుక్కలని అవ్వ ఎప్పుడూ ఊరి మీదే ఉండేది. వేపకొమ్మకి స్ప్రింగు కాటా వేలాడదీసి, గుడ్డ లాగులో పిల్లల్ని కూర్చోబెట్టి తూచి, చార్టులో చుక్క పెట్టి, చుక్క కిందికి జారిన పిల్ల ఇంటికి ఆ సాయంత్రమే పోయేది.

జీతం గురించి ఎక్కువ రాయను, రాస్తే అవ్వకి నచ్చదు. పథకం మొదలైనప్పుడు పదో తరగతి పాసైన వాళ్ళకి నెలకి 150, కాని వాళ్ళకి 100 రూపాయలు, దాన్ని గౌరవ వేతనం అన్నారు. మన రాష్ట్రంలో 2019కి 11,500 అయింది, ఆమె అప్పటికే రిటైరైపోయింది. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పిందని టీవీలో వస్తే, సౌండు పెంచమంది, విన్నాక తగ్గించమంది. 2023 డిసెంబరు 12న సమ్మె మొదలైనప్పుడు మాత్రం మోకాళ్ళ నొప్పులతోనే ఆటో ఎక్కి టెంటుకి పోయేది. 42 రోజులు నడిచింది ఆ సమ్మె, మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. కుర్ర టీచర్లు నినాదాలిస్తుంటే ఈమె వాళ్ళ పిల్లల్ని ఒక పక్కకి చేర్చి కాళ్ళాగజ్జా ఆడించేది. ఎందుకవ్వా ఈ వయసులో అంటే, "ఈళ్ళు ఏడవకుండా ఉంటేనే కదా ఆళ్ళు అరవగలిగేది" అంది.

నాకు బాధ కలిగించేది జీతం కంటే ఇంకొకటి. చదువు హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. అంతకుముందు మూడేళ్ళ గురించి అదే చట్టంలో 11వ సెక్షన్ ఉంది, ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని మాత్రమే. 2020 విద్యా విధానంలోనేమో పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరిగిపోతుందని రాశారు. అంత ముఖ్యమైన మూడేళ్ళూ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ టీచరు పొద్దున వచ్చి ఏం చేస్తోందో ఒకసారి పోయి చూడండి. మా ఊరి టీచరు చాలా మంచి అమ్మాయి, అవ్వ బడిలో చదివిన పిల్లే. ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం మెట్లెక్కుతుంది, ఫోటో ఎక్కలేదని తల్లిని మళ్ళీ రమ్మంటుంది, గుడ్ల లెక్క ఒక యాప్‌లో, పాల లెక్క ఒక దాంట్లో, బరువులు ఇంకో దాంట్లో. ఈలోపు పిల్లలు గోడకి ఆనుకుని టీచరమ్మ ఎప్పుడు దిగొస్తుందా అని చూస్తుంటారు. లెక్కలు వద్దని కాదు, అవ్వ కూడా రిజిస్టర్లు రాసింది, కానీ పిల్లలు ఇళ్ళకి పోయాక రాసింది. పిల్లలున్న ఆ మూడు నాలుగు గంటలు ఫోన్ పక్కన పెట్టుకునే వీలు టీచరుకి ఇవ్వాలి. ఆ పని ఇంకెవరితోనైనా చేయించండి, లేకపోతే మధ్యాహ్నం తర్వాత చేయించండి. టౌన్లో టై కట్టిన బడికి వేలకి వేలు పోసే తల్లిదండ్రులు కోరుకునేది కూడా ఇదేగా, పిల్ల ముఖం చూసి మాట్లాడే మనిషి ఒకరు ఉండాలని. ఆ మనిషి ఊళ్ళో ఉంది, చూడనివ్వడం లేదు.

ఇంకొక్క విషయం రాసి ఆపేస్తాను. పెద్దకర్మ అయిపోయాక మా మామ, నేను కలిసి అవ్వ పాత చెక్క తొట్టిని బాగు చేయించాం. వాగు ఇసక జల్లెడ పట్టి, కడిగి, మేడ మీద ఎండబెట్టి సెంటర్లో పెట్టొచ్చాం. టీచరు సంతోషించింది. పిల్లలు రెండు రోజుల్లోనే సగం ఇసక బయట పోశారు, అది మామూలే. చిక్కల్లా ఏమిటంటే, తనిఖీకి వచ్చిన ఒకరు ఈ తొట్టి స్టాక్ రిజిస్టర్లో లేదే, ఏ పద్దు కింద వచ్చింది, ఎవరు పెట్టమన్నారు అని అడిగారట. ఆ పిల్ల హడలిపోయి మాకు ఫోన్ చేసింది, తీసుకుపోండి అక్కా అని. దాతలిచ్చారని రాసుకోమ్మా అంటే, ఫోన్లో ఆ గడి లేదంది. తొట్టి ఇంకా అక్కడే ఉంది, మేం తేలేదు. ఈ ఉత్తరం చూసిన శాఖ వాళ్ళెవరైనా దాన్ని ఎక్కడ రాసుకోవాలో ఆ టీచరుకి చెబితే చాలు, ఇసక తగ్గినప్పుడల్లా మేమే తెచ్చి పోస్తాం.

ఇట్లు,
టీచరవ్వ మనవరాలు,
ఒంగోలు.